డ్రమ్ము డ్రమ్ముకీ పరీక్ష చెయ్యి తల్లీ

అమ్మడూ,

పైడిభీమవరంలో మందుల కంపెనీలో, ముడిసరుకుల నాణ్యత పరీక్షించే క్యూసీలో చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. మన ఇంటి ఆడపిల్ల ల్యాబ్ కోటు వేసుకోవడం ఇదే మొదలు. ఎంత సంతోషమో! అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బ్యూరెట్టు కడగడం, బుడగ పోగొట్టడం, గరాటు తీశాకే రీడింగ్ చూడడం కాలేజీలో నేర్చుకున్నవే. వానాకాలంలో నీటిశాతం కొలిచే కార్ల్ ఫిషర్ పరీక్ష దగ్గర మాత్రం జాగ్రత్త. మనది సముద్రపు గాలి. తేమ పీల్చే పొడికి మూత తీసి కబుర్లలో పడితే, సరుకులో లేని నీళ్లు లెక్కకొస్తాయి.

నా భయమంతా గ్లిజరిన్ లాంటి సరుకుల గురించే. నేను పనిచేసినచోట ఒక కుర్రాడు, తెలివైనవాడే, ఒక్క డ్రమ్ములోంచి శాంపిల్ తీసి గుర్తింపు పరీక్ష చేసి, మిగతా అన్నిటికీ అదే రాసేశాడు. లాట్ నంబర్ ఒకటే కదా సార్ అన్నాడు. వాటిలో ఒకదాంట్లో ఉన్నది గ్లిజరిన్ కాదు, ప్రొపైలీన్ గ్లైకాల్ అనే వేరే ద్రవం! గోదాములో లేబుల్ మారిపోయింది. సిరప్ కలిపే ఆపరేటరు, ఇంత పల్చగా ఉందేమిటని ఆపాడు కాబట్టి సరిపోయింది. పరీక్ష చేయాల్సినవాడు వదిలేసింది, పదో తరగతి చదివిన మనిషి కంటితో పట్టుకున్నాడు. ఆ కుర్రాణ్ణి ఏడ్చేదాకా తిట్టాను, తర్వాత క్యాంటీన్‌కి తీసుకెళ్లి టీ ఇప్పించాను. వాడికి 1986 సంగతి చెప్పాను. ఆ ఏడాది బొంబాయిలో ఒక ఆసుపత్రిలో గ్లిజరిన్ తాగించిన రోగుల్లో 14 మంది చనిపోయారు. అందులో డైఇథైలీన్ గ్లైకాల్ ఉంది. అదీ రంగులేనిదే, తియ్యనిదే, కిడ్నీలు పాడుచేస్తుంది. 2022లో గాంబియాలో పిల్లలు పోయినప్పుడు డబ్ల్యూహెచ్‌ఓ సిరప్‌లలో కనుక్కున్నదీ అదే.

గ్లిజరిన్ సాంద్రత 1.26, డైఇథైలీన్ గ్లైకాల్‌ది 1.12 దగ్గర. సరుకు మొత్తం మారిపోతే అక్కడే తెలుస్తుంది. కాస్త కలిస్తే మన గాజు సామానుకి దొరకదు. దానికున్న 0.1 శాతం హద్దు తేల్చేది జీసీ, అంటే గ్యాస్ క్రొమటోగ్రఫీ. అది వేరే సెక్షన్ పని అని ఊరుకోకు. ప్రతి డ్రమ్ము శాంపిలూ వాళ్లకి చేరిందో లేదో అడుగు. రిజల్ట్ రాకముందే సంతకం పెట్టమంటే, ఎంత పెద్దవాళ్లు చెప్పినా పెట్టకు. ఉద్యోగం పోతే పోనీ, మామయ్య ఉన్నాడు.

కాంటాక్ట్ లెన్సులతో ల్యాబ్‌లోకి వెళ్లకు తల్లీ. పవర్ ఉన్న సేఫ్టీ గాగుల్స్ కావాలని చేరిన రోజే అడుగు, మొహమాటపడకు. ఇవ్వకపోతే నాకు చెప్పు, నేను కొని పంపుతాను.

మీ మామయ్య