బ్రెడ్ మెషిన్‌తో మొదటిసారి చేసేటప్పుడు ఏం చూసుకోవాలి?

కొత్తగా కొన్న మెషిన్‌లో మొదట ఏ సెట్టింగ్ పెట్టాలి, నేరుగా గోధుమపిండితో మొదలుపెట్టొచ్చా అని అడిగారు. సెట్టింగ్ సంగతి తేలిక. బేసిక్ పెట్టండి, మూడు మూడున్నర గంటల్లో అయిపోతుంది. మొదటిది మాత్రం మైదాతోనే చేయమంటాను. పిండి ఎలా కలుస్తుందో, ఎంత పొంగుతుందో ఒకసారి కళ్లారా చూశాక గోధుమపిండికి వెళ్లండి.

మాది విజయవాడ. మా ఇంట్లో కుదిరిన కొలత చెబుతాను: 500 గ్రాముల మైదా, 300 మిల్లీలీటర్ల నీళ్లు, చెంచాన్నర ఉప్పు, రెండేసి పెద్ద చెంచాల చక్కెర, నూనె, ఒక చెంచా ఇన్‌స్టంట్ ఈస్ట్. మీది అరకిలో బ్రెడ్ చేసే చిన్న మెషిన్ అయితే మైదా 300 గ్రాములకు తగ్గించి, మిగతావీ ఆ లెక్కనే వేయండి. వంటింటి డిజిటల్ కాటా లేకపోతే ముందు అది కొనుక్కోండి. కప్పుతో కొలిస్తే, పిండిని అదిమి నింపామా, వదులుగా పోశామా అన్నదాన్ని బట్టి ఒక్కో కప్పుకే 20, 30 గ్రాముల తేడా వచ్చేస్తుంది.

చాలా మెషిన్లలో ముందు నీళ్లు, నూనె, ఉప్పు, చక్కెర, ఆ పైన పిండి, చివర పిండి మధ్యలో చిన్న గుంట చేసి ఈస్ట్. కొన్ని కంపెనీలవాళ్లు దీనికి తలకిందులుగా, ఈస్ట్ ముందు వేయమంటారు. మీ పుస్తకంలో ఏ వరుస ఉంటే అదే పాటించండి.

ఇక అసలు విషయం. స్విచ్ వేసి వెళ్లిపోకండి. కలపడం మొదలైన ఐదారు నిమిషాలకు మూత తెరిచి చూడండి. ఆ దశలో తెరిస్తే ఏమీ కాదు. పిండి అంతా ఒకే ముద్దగా చేరి, గిన్నె గోడలు శుభ్రంగా ఉండాలి. వేలితో తాకితే చపాతీ పిండి కంటే మెత్తగా, కాస్త అంటుకుని వదిలేయాలి. ముద్ద చేరకుండా పొడిపొడిగా ఉండి మోటారు మూలుగుతుంటే ఒక్కో చెంచా నీళ్లు పోయండి. అడుగున జారుగా పరుచుకుంటే ఒక్కో చెంచా పిండి చల్లండి. ప్రతిసారీ ఒక నిమిషం ఆగి చూడాలి. మెషిన్‌తో వచ్చే పుస్తకాల్లో కొలతలు ఎక్కువగా విదేశాల్లో దొరికే గట్టి బ్రెడ్ పిండికి రాసినవి. మన కిరాణా కొట్టు మైదాకు అవి అచ్చంగా సరిపోవు. అందుకే ఈ ఒక్క చూపు ఏ సెట్టింగ్ కన్నా ముఖ్యమని నా గట్టి నమ్మకం. పొంగడం, కాలడం మొదలయ్యాక మాత్రం మూత ముట్టుకోవద్దు.

గోధుమపిండి విషయానికొస్తే, ముందు సగం మైదా, సగం గోధుమపిండి వేసి చూడండి. రాతి మరలో ఆడిన మన పిండి నీళ్లు బాగా పీలుస్తుంది కాబట్టి మరో 20, 30 మిల్లీలీటర్లు పడతాయి. పూర్తిగా గోధుమపిండితో చేస్తే హోల్ వీట్ సెట్టింగ్ వాడాలి. అయినా బేకరీ బ్రెడ్‌లా దూదిలా రాదు. తవుడు వల్ల పొంగు తగ్గి బరువుగానే వస్తుంది. రుచి మాత్రం చాలా బాగుంటుంది, టోస్ట్ చేస్తే మరీను.

ఎండాకాలం జాగ్రత్త. మే నెలలో మా ట్యాంకు నీళ్లు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అవి పోస్తే పిండి తొందరపడి పొంగిపోయి, కాలేసరికి పైభాగం కుంగిపోతుంది. ఫ్రిజ్ నీళ్లు పోసి, ఈస్ట్ ముప్పావు చెంచాకు తగ్గించండి. పాలు, గుడ్లు వేసినప్పుడు రాత్రి టైమర్ పెట్టి పడుకోవద్దు, పాడైపోతాయి. కరెంటు కోతల టెన్షన్ ఉంటే ఆ వేళలు చూసుకుని మొదలుపెట్టండి. కొన్ని మెషిన్లు కొద్ది నిమిషాలపాటు ఆగిన చోటు గుర్తుపెట్టుకుంటాయి, కొన్నింటికి ఆ ఏర్పాటే ఉండదు.

బీప్ వినగానే గుడ్డతో గిన్నె పట్టుకుని బయటికి తీసి, బ్రెడ్‌ను జాలీ మీద బోర్లించండి. లోపలే వదిలేస్తే ఆవిరికి అంచులు మెత్తబడతాయి. కలిపే రెక్క బ్రెడ్ అడుగున ఇరుక్కుని రావచ్చు, కత్తి పెట్టే ముందు చూసుకోండి. గిన్నె పూత గీసుకుపోతుంది కాబట్టి స్టీలు చెంచాతో గోకొద్దు. గంటసేపు చల్లారాకే కోయండి, వేడి మీద కోస్తే లోపల ముద్దముద్దగా అవుతుంది. రెండ్రోజులకు మించి బయట ఉంచితే బూజు పడుతుంది, ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు.

ఇంత చేసినా అసలు పొంగకపోతే ఈస్ట్‌నే అనుమానించండి. గోరువెచ్చని నీళ్లలో చిటికెడు చక్కెర, అర చెంచా ఈస్ట్ వేస్తే పది నిమిషాల్లో నురుగు రావాలి. రాలేదంటే ఆ ప్యాకెట్ పారేసి కొత్తది తెచ్చుకోండి.