మాల వేసుకుంటే మానగలిగిన మనిషి, తీశాక ఎందుకు తాగుతున్నారు?

ప్రశ్న: నా వయసు 38. మావారు ప్రభుత్వోద్యోగి. పన్నెండేళ్లుగా తాగుతున్నారు. ఈ మధ్య పొద్దున్నే చేతులు వణుకుతున్నాయి, ఒక గుక్క పడితేగానీ గడ్డం గీసుకోలేరు. అయిదేళ్ల కిందట అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులూ ముట్టలేదు. నిరుడు కార్తికంలో మళ్లీ వేసుకుంటే, మూడో రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నాయని దులుపుతూ, లేనివాళ్లతో మాట్లాడుతూ తెల్లవార్లూ కూర్చున్నారు. అపచారం జరిగిందని పెద్దవాళ్లు మాల తీయించారు. ఆ పూటే తాగారు, కుదుటపడ్డారు. ఇప్పుడు మా అత్తగారు ఎవరో ఇచ్చిన పొడిని చారులో కలపమంటున్నారు. మరిది, వ్యానుతో వచ్చి ఎత్తుకెళ్లే కేంద్రం ఉందంటున్నాడు. బెల్టు షాపు బాకీకి నా గొలుసు కుదువపెట్టాను. పదో తరగతి చదివే అమ్మాయి నాతో కూడా ముభావంగా ఉంటోంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ పొడి సంగతి. కలపవద్దు. అందులో ఏముందో ఇచ్చినవాళ్లకు కూడా తెలిసి ఉండదు. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు వాడే డైసల్ఫిరామ్ అనే మందు ఒకటి నిజంగానే ఉంది. అది కడుపులో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోతుంది. గుండె జబ్బున్న వారికైతే ప్రాణం మీదకు వస్తుంది. అందుకే పరీక్షలు చేసి, రోగికి చెప్పి, ఒప్పించి మరీ ఇస్తారు. మీ వారికి తెలియదు కనుక రోజూలాగే తాగేస్తారు. సంగతి బయటపడితే ఇక మీ చేతి అన్నం నమ్మి తినరు. అత్తగారిది కన్నతల్లి ఆత్రం, తప్పు పట్టను. కానీ పొట్లం ఇంట్లో ఉంచకండి.

ఆ మూడో రాత్రి జరిగింది అపచారం కాదు. ఏళ్ల తరబడి మద్యం మెదడును జోకొడుతుంటే, దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగం పెంచుకుంటుంది. మద్యం ఒక్కసారిగా ఆగితే ఆ వేగం మాత్రం మిగిలిపోతుంది. కొన్ని గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరిలో మతి తప్పి, లేని పురుగులు, లేని మనుషులు కనిపిస్తారు. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే చనిపోయేవాళ్లూ ఉన్నారు. ఆ రాత్రి మీరు గుడికి కాదు, ఆసుపత్రికి వెళ్లవలసింది. తెలియక జరిగింది, వదిలేయండి. కానీ ఇకమీదట ఆయన ‘రేపటి నుంచి మానేస్తా’ అంటే సంతోషించి ఊరుకోవద్దు. డాక్టరును కలిసేదాకా ఒక్కసారిగా ఆపనివ్వకండి. నా నోట ఈ మాట వింతగా అనిపించవచ్చు, అయినా ఇదే నిజం.

‘41 రోజులు ఉండగలిగాడు, మనసుంటే మానలేడా’ అని మీ ఇంట్లో అందరూ అంటూనే ఉంటారు. అయిదేళ్ల కిందట శరీరం ఇంత దూరం రాలేదు. పైగా మాలలో ఏముందో ఆలోచించండి. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, వేళకు భిక్ష, సాయంత్రం భజన, చుట్టూ నలుగురు స్వాములు. ఆ మనిషిని అందరూ ‘స్వామీ’ అని పిలుస్తారు, ఎవరూ గ్లాసు అందించరు. మాల తీసిన రోజున ఇవన్నీ ఒకేసారి పోతాయి. ఖాళీ సాయంత్రం మిగులుతుంది, పాత స్నేహితులు ఎదురుచూస్తుంటారు. చికిత్స తర్వాత ఆయనకు కావలసింది కూడా అలాంటి దినచర్య, అలాంటి తోడే. ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాల్లో తాగుడు మానినవాళ్లే ఒకరికొకరు తోడు నిలుస్తారు. డబ్బు కట్టనక్కరలేదు.

వ్యాను కేంద్రం గురించి. మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. ఆ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. తన మంచిచెడ్డలు తెలియని స్థితిలో ఉన్నవారిని చేర్చాలన్నా నిపుణులు పరీక్షించాలి, దానికీ గడువు ఉంది. అలా ఎత్తుకెళ్లి పడేసిన చోట మూడో రాత్రి మళ్లీ వస్తే చూసే డాక్టరు ఉంటాడా? మరిదిని ఇదొక్కటే అడగండి.

మీరు వెళ్లవలసింది ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి. లేదా హైదరాబాదులో ఎర్రగడ్డ ఆసుపత్రికి. దాని పేరు చెప్పగానే ముఖం చిట్లించే బంధువులు మీకూ ఉంటారు, పట్టించుకోకండి. మొదటి వారం వణుకు, ఫిట్స్ రాకుండా మందులిచ్చి క్రమంగా తగ్గిస్తారు, బి1 విటమిన్ ఎక్కిస్తారు. తాగాలన్న యావ తగ్గించే మందులు ఆ తర్వాత. అసలు కష్టం కూడా ఆ తర్వాతే. ఒకటి రెండుసార్లు మళ్లీ తాగవచ్చు. అప్పుడు ‘అంతా వృథా’ అని కూలబడకుండా మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక మీ గొలుసు. మీరు తీర్చిన బాకీతో ఆ షాపులో కొత్త ఖాతా తెరుచుకుంది, అంతే. ఇకపై ఆ బాకీ ఆయనదే. ఆయన ఆఫీసుకు మీరు ఫోను చేసి ‘జ్వరం’ అని చెబుతూ ఉంటే, అదీ మానండి. అది ప్రేమ తక్కువై కాదు. తాగిన నష్టం ఆయన గడప దాకా రానివ్వకుండా మీరే అడ్డం నిలబడుతున్నారు. ఈ మాట రాత్రి తాగి వచ్చినప్పుడు చెప్పకండి, పొద్దున చెప్పండి, ఒక్కసారే చెప్పండి. చేయి చేసుకునే పరిస్థితి వస్తే మాత్రం వాదన వద్దు. పిల్లలతో బయటికి వచ్చేయండి, 112కు గానీ, మహిళల సహాయ నంబరు 181కి గానీ ఫోను చేయండి.

అమ్మాయి మీతో ముభావంగా ఎందుకుందో నాకు తెలిసినట్టే ఉంది. ఇలాంటి ఇళ్లలో పిల్లలు నాన్న బండి స్టాండు వేసే శబ్దాన్ని బట్టి ఆ రాత్రి ఎలా ఉండబోతోందో చెప్పేస్తారు. పుస్తకం ఒళ్లో ఉంటుంది, చెవి గేటు దగ్గర ఉంటుంది. ‘నాన్నకు ఒంట్లో బాగాలేదు’ అన్న మీ అబద్ధం తనకు అబద్ధమని తెలుసు, తెలిసినట్టు మీకు చెప్పలేదు. ఒక సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని, ఇది జబ్బని, తన వల్ల రాలేదని, డాక్టరు దగ్గరకు వెళ్తున్నామని ఉన్నదున్నట్టు చెప్పండి. తను ఏడిస్తే ఏడవనివ్వండి.

మొదటిసారి ఆయన రానంటారు. ఆయన కోసం ఆగకుండా మీరొక్కరే వెళ్లండి. ఎంత తాగుతారో, ఆ మూడో రాత్రి ఏం జరిగిందో, ఏ మాత్రలు వాడుతున్నారో కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే మత్తు విముక్తికి 14446 అనే ఉచిత నంబరు ఉంది. మీకే గుండె బరువెక్కిన రాత్రి మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.