సీజన్ లెక్క చూసుకుని అప్పుకు దిగకండి

ప్రశ్న: మాది బరంపురం. వయసు 27. పెళ్లిళ్లకు, గణేశ్ నవరాత్రులకు డీజేగా వెళ్తాను. పట్టుబట్టల షాపులకు మోడలింగ్ చేస్తాను, ఒడియా, తెలుగు ఆల్బమ్‌లలో చిన్న వేషాలు వేస్తాను. సీజన్‌లో ఐదు నెలలు 60 వేల చొప్పున, మిగతా నెలల్లో 10 వేల చొప్పున వస్తుంది. ఇంటి ఖర్చు నెలకు 22 వేలు, దాచింది 40 వేలు. సౌండ్ సెట్‌కు, పోర్ట్‌ఫోలియోకు నూటికి మూడు రూపాయల వడ్డీకి 4 లక్షలు తీసుకుంటున్నాను. వచ్చే వారం నోటు రాయాలి. మూడు ఆదాయాలున్నాయి కాబట్టి భయం లేదు కదా?

జవాబు: భయపడాల్సిందే. ఏడాదికి మీకు వచ్చేది 3.70 లక్షలు, ఖర్చు 2.64 లక్షలు, మిగిలేది 1.06 లక్షలు. మీరు కట్టాల్సిన వడ్డీ నెలకు 12 వేలు, ఏడాదికి 1.44 లక్షలు. మిగిలిందంతా ఊడ్చి ఇచ్చినా వడ్డీకే చాలదు, అసలు అలాగే ఉంటుంది. ఆషాఢంలో, మూఢంలో బుకింగ్‌లు ఆగుతాయి కానీ వడ్డీ ఆగదు. సీజన్ నెల ఆదాయం చూసుకుని సంతకం పెట్టేవాళ్లంతా చేసే తప్పే ఇది.

ఇక ఆ మూడు ఆదాయాలూ మీ ఒక్క ఒంటి మీదే నడుస్తున్నాయి. అర్ధరాత్రి సామాను సర్దుకుని పర్లాకిమిడి నుంచి వ్యాన్‌లో వస్తుంటే యాక్సిడెంట్ అయి చేయి విరిగిందనుకోండి. కన్సోల్ దగ్గర నిలబడలేరు, షూట్‌కు పిలవరు, వేషం ఇంకొకరికి పోతుంది. 2020 వేసవిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు పెళ్లిళ్లూ షూటింగ్‌లూ కలిసే ఆగాయి.

కాబట్టి ముందు అత్యవసర నిధి. అన్‌సీజన్‌ను అందులో కలపకండి, అది ఏటా వచ్చేదే. ఆ ఏడు నెలల్లో 12 వేల చొప్పున పడే లోటు 84 వేలు. దానికి సీజన్‌లో నెలకు 17 వేలు విడిగా పక్కన పెట్టండి. అత్యవసర నిధి దీనికి అదనం: ఆరు నెలల ఖర్చు, 1.32 లక్షలు. చేతిలో 40 వేలున్నాయి, మిగతా 92 వేలు ఒక్క ఏడాదిలో కూడతాయి. వేరే ఖాతాలో వేయండి, దానికి యూపీఐ పెట్టుకోకండి. మిగిలిన దాంట్లో ఆరోగ్య బీమా, ప్రమాద బీమా తీసుకోండి. పని చేయలేని వారాలకు కూడా డబ్బిచ్చే పాలసీయేనా అని అడిగి మరీ తీసుకోండి.

మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా వేసే సిప్‌లు ఆ తర్వాత. సౌండ్ సెట్ అద్దెకు తెచ్చి, ఆ అద్దెను మిమ్మల్ని పిలిచినవాళ్ల బిల్లులో కలపండి. పోర్ట్‌ఫోలియోకు, చేసిన షూట్ల ఫొటోలే షాపులవాళ్లను అడిగి తీసుకోండి. పారితోషికంలో 10 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) పట్టుకుంటుంటే ఆదాయపు పన్ను రిటర్న్ వేయండి, మీ ఆదాయానికి అది వెనక్కి వస్తుంది. ఆ రిటర్నులు రేపు ముద్రా రుణానికీ పనికొస్తాయి.

ఆ నోటు మాత్రం రాయకండి. మాటిచ్చి ఉంటే ఇవాళే ఫోన్ చేసి వద్దని చెప్పేయండి.