మీ ప్రశ్న – మా జవాబు: గల్లీలోకి పెరుగుతున్న సూపర్‌మార్కెట్

ప్రశ్న: మా గల్లీ మూల మీదున్న సూపర్‌మార్కెట్ వాళ్లు వెనక 500 గజాల జాగ కొన్నరు. దుకాణం పెంచి గోదాం కడతరట, సామాన్ల బండ్లకు మా 20 అడుగుల గల్లీ దిక్కే గేటు పెడతరట. కాలనీ వాళ్లందరం సంతకాలు పెట్టి ఇస్తే పర్మిషన్ ఆగుతదా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: సంతకాల సంఖ్య చూసి పర్మిషన్ ఆపరమ్మా. ప్లానుకూ నిబంధనకూ పొంతన లేని కొలత ఒక్కటి చూపండి, దాన్ని అధికారి తేలిగ్గా తోసిపుచ్చలేరు. కిరాణా కొట్లు దెబ్బతింటాయన్నది న్యాయమైన బాధే. కానీ నిర్మాణ అనుమతి ఇచ్చేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోరు.

ముందు తొందరపడాల్సింది గడువు గురించి. భవన నిర్మాణ అనుమతులపై 2020లో వచ్చిన బీపాస్ చట్టం ప్రకారం ఇలాంటి దరఖాస్తుపై 21 రోజుల్లో నిర్ణయం చెప్పాలి, చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. సమాచార హక్కు కింద రూ.10 కట్టి అడిగితే జవాబుకు 30 రోజులు పట్టొచ్చు. చాలామంది కాగితాలు వచ్చాక అభ్యంతరం రాద్దామని ఆగి, ఇక్కడే నష్టపోతారు. అభ్యంతరం ఈ వారమే మున్సిపాలిటీలో ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. సమాచార హక్కు దరఖాస్తు కూడా అదే రోజు పెట్టండి. అందులో ఆమోదించిన ప్లాను, పార్కింగ్ చూపే పటం, మాస్టర్ ప్లాన్‌లో ఆ జాగ నివాస ప్రాంతమా, వాణిజ్యమా అన్న వివరం అడగండి.

ఇక కొలతలు. గేటు వచ్చే చోట గల్లీని గోడ నుంచి గోడకు టేపుతో కొలిచి, మోరీ వెడల్పు విడిగా రాయండి. 20 అడుగుల్లో ఒక పక్క కారు నిలిపితే మిగిలేది 14. డీసీఎం (సరుకు వేసే చిన్న లారీ) నేరుగా పోతుంది, గేటులోకి మళ్లాలంటే మాత్రం ముందుకూ వెనక్కూ ఆడించాలి. అంతసేపు అంబులెన్స్ లోపలికి రావడానికి వీలుండదు. భవనం ఎత్తు, చుట్టూ వదలాల్సిన ఖాళీ కూడా రోడ్డు వెడల్పును బట్టే నిర్ణయిస్తారు, కాబట్టి ప్లానులో గల్లీని ఎంత చూపారో తప్పక సరిచూడండి. సరుకు దింపే చోటు ప్రహరీ లోపలే ఉండాలనీ, గేటు మెయిన్ రోడ్డు వైపు మార్చాలనీ స్పష్టంగా కోరండి.

వాన నీటి సంగతి మరవకండి. 500 గజాలంటే దాదాపు 418 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన పడితే ఆ జాగ మొత్తం మీద సుమారు 21 వేల లీటర్లు దిగుతాయి. ఇంకుడు గుంత లేకపోతే అవన్నీ మీ మోరీలోకే.

అసలు మోసం తర్వాత జరుగుతుంది: సెల్లార్‌లో పార్కింగ్ చూపి అనుమతి తెచ్చుకుంటారు, తెరిచాక అందులో బియ్యం బస్తాలు వేస్తారు. అందుకే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనం వాడుకోవచ్చనే పత్రం) ఇవ్వకముందే సెల్లార్ ఫొటోలు తేదీతో ఇవ్వండి. మున్సిపాలిటీలో కదలిక లేకపోతే సోమవారం ప్రజావాణిలో నకళ్లతో సహా కలెక్టర్‌కు అందించండి.

ప్రశ్న: సూపర్‌మార్కెట్ ఫ్రీజర్ల యంత్రాలు మా పడకగది గోడవతల పెట్టారు. రాత్రంతా మోతే. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదు, వాణిజ్య ప్రాంతంలో 55. పరిమితిని 10 డెసిబెల్స్ మించితే ఫిర్యాదుకు బలం ఎక్కువ. ఫోన్ యాప్ అంకెలు సుమారుగానే ఉంటాయి. యంత్రం ఆడేటప్పుడూ ఆగినప్పుడూ ఒకే కిటికీ దగ్గర కొలిస్తే తేడా మాత్రం తెలుస్తుంది. ఆ పట్టికతో కాలుష్య నియంత్రణ మండలికి, పోలీసులకు రాయండి.

గోడ వణుకుతుంటే మోత యంత్రం కాళ్ల నుంచి వస్తున్నట్టే, వాటి కింద రబ్బరు ప్యాడ్లు వేయించాలి. గాలి మోతైతే దూరం పెంచడమే మేలు. అడ్డంకులు లేని చోట దూరం రెట్టింపైతే దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. రేకులతో చుట్టూ మూసేయనివ్వకండి, వేడి బయటికి పోక కంప్రెసర్ ఇంకా ఎక్కువసేపు ఆడుతుంది.