ఇంట్ల ఒకటే ఫోన్ ఉంటే పిల్లలకు బడి పాఠాలు ఎట్ల చూపించాలె?

అక్కా, మీ ఆయన పొద్దున్నే ఫోన్ పట్టుకొని డ్యూటీకి పోతడు, సార్లేమో హోంవర్క్ వాట్సాప్ గ్రూపుల పెడుతున్నరు, పాపకు కొత్త ఫోన్ కొనాలెనా అని అడిగిండ్రు కదా. నన్నడిగితే ఇప్పుడే కొనకండి. మా ఇంట్ల గూడ ఇదే కథ, ఆయన ఆటో నడుపుతడు, ఫోన్ రాత్రి ఎనిమిదింటికి గాని ఇంటికి రాదు.

మాది నర్సంపేట దిక్కు పల్లె. కరోనాకు బడులు మూసినప్పుడు 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి ఛానల్ల, తెలంగాణ సర్కారు చదువుల టీవీ ఛానల్ టీశాట్‌ల 3వ తరగతి నుంచి ఇంటర్ దాకా పాఠాలు మొదలువెట్టిండ్రు గదా, అప్పుడు మా పెద్దదానికి ఫోన్ కన్న టీవీయే నయమనిపించింది, టీవీని ఎవ్వరూ జేబుల వేస్కొని పోరు మరి. కాకపోతే ఆ టైమ్‌కు కరెంటు పోయిందంటే క్లాసు పాయె.

ఇప్పుడు చిన్నోడికి దీక్షా అని గవర్నమెంట్ బడి పాఠాల యాప్ వాడుతున్నం. గవర్నమెంట్ పుస్తకాలల్ల పాఠం దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటది చూడండి, అది స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియోలో ప్రశ్నలో వస్తయి, కెమెరా సరిగ్గ లేకున్నా కోడ్ కింద ఉన్న ఆరు అక్షరాలు కొట్టినా సరే, లాగిన్ లేకుండ గెస్ట్‌గ గూడ చూడొచ్చు. అన్ని పాఠాలకూ వీడియో ఉండదు, అది ముందే చెప్తున్న. కానీ ఉన్నది డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే తర్వాత నెట్ లేకున్నా నడుస్తది, మాకు అక్కరకొచ్చింది ఇదే. మా ఇంట్ల అద్దం పగిలి మూలకు పడ్డ పాత ఫోన్ ఒకటుండె, సిమ్ లేదు, రాత్రి ఆయన ఫోన్ నుంచి హాట్‌స్పాట్ పెట్టి దాంట్లకు రేపటి పాఠాలు దింపుత. రోజువారీ ప్యాక్‌ల మిగిలిన డేటా ఎట్లాగూ అర్ధరాత్రి పోయేదే కదా.

ఆంధ్రాల మా ఆడబిడ్డ కొడుకుకు 2022 డిసెంబర్‌ల 8వ తరగతి ట్యాబ్ ఇచ్చిండ్రు, పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చిండ్రు కాబట్టి అప్పుడు వాళ్ళకు ఈ తిప్పలు లేకుండె.

హోంవర్క్ సంగతి మాత్రం ఫోన్ కొంటే తేలేది కాదు, బళ్ళె మాట్లాడాలె. నేను అమ్మ ఆదర్శ కమిటీ (బడి పనులు చూసే తల్లుల కమిటీ) మీటింగ్‌ల అడిగిన, హోంవర్క్ బోర్డు మీద రాసి నోట్స్‌ల ఎక్కియ్యండి, గ్రూపుల పెట్టేది ఎక్స్‌ట్రా అనుకోండి, గ్రూపుల చూడలేదని పిల్లలను నిలవెట్టకండి అని. ఒకరిద్దరు సార్లు మొఖం ముడిచిండ్రు గాని హెడ్‌మేడం ఒప్పుకున్నది. కంప్యూటర్ రూమ్ గూడ సాయంత్రం బెల్లు కొట్టినంక గంట సేపు తెరవమని అడిగినం, అది ఇంకా కాలే, తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలె అన్న కాడనే ఆగింది. మీరు అడిగేటప్పుడు నలుగురు తల్లులు కలిసి పోండి, ఒక్కరే పోతే చూద్దాం లే అని పంపిస్తరు.

సిమ్ లేని ఫోన్‌తోని ఇంకో లాభం ఉన్నది, షార్ట్స్ రావు. మావోడు దానికే వారం రోజులు అలిగిండు.