గీజర్ వేడెక్కేలోపు: ప్రయాణాల్లో వ్యాయామంపై ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మెడికల్ రిప్రజెంటేటివ్‌ని, కూకట్‌పల్లిలో ఉంటాను. వయసు 31, బరువు 74 కిలోలు. ఊళ్లో ఉంటే రోజూ జిమ్‌కి వెళ్తాను. కానీ వారంలో మూడు రాత్రులు కరీంనగర్, వరంగల్, నిజామాబాద్ లాడ్జీల్లోనే గడుస్తాయి. అక్కడ ఏమీ కుదరదు. తిరిగొచ్చాక శని, ఆదివారాల్లో అంతా కలిపి చేస్తుంటే భుజం పట్టేస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ కలిపి చేయడం మానేయండి. మూడు రోజుల బాకీ ఒక్క పూటలో తీర్చబోతే కండరం ఎలాగో తట్టుకున్నా, భుజం దగ్గర కండరాన్ని ఎముకకు కలిపే టెండన్లు తట్టుకోవు. అసలు మీరనుకున్నంత బాకీ కూడా లేదు. సంపాదించుకున్న బలం రెండు వారాలు పూర్తిగా మానేసినా పెద్దగా తగ్గదు. ఉన్నది నిలుపుకోవడానికి మామూలుగా చేసే సెట్లలో (ఆపకుండా ఒక విడతలో చేసేది ఒక సెట్) మూడో వంతు చాలు. కాకపోతే ఆ మూడో వంతు కష్టంగా ఉండి తీరాలి. సెట్ ఆపేసరికి ఇంకో రెండు మాత్రమే చేయగలం అనిపించాలి. ప్రయాణాల్లో చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. తేలికపాటి స్క్వాట్స్ (గుంజీళ్లలా కూర్చుని లేవడం) యాభై తీసి, చెమట పట్టింది కదా అని ఆపేస్తారు. చెమటకీ బలానికీ సంబంధం లేదు.

మూడు రాత్రుల్లో రెండు ఉదయాలు కింద చెప్పిన నాలుగు వ్యాయామాలు చేస్తే సరిపోతుంది. టైము మాత్రం గడియారానికి ముడిపెట్టొద్దు. రాత్రి పది దాటేదాకా క్లినిక్‌ల ముందు వేచి ఉండే ఉద్యోగం మీది, ‘పొద్దున్నే ఐదింటికి’ అన్న నియమం రెండో రోజుకే తప్పిపోతుంది. స్నానం మాత్రం ఎటూ మానరు. గీజర్ స్విచ్ వేయడమే వ్యాయామానికి గంట అనుకోండి. పదిహేను లీటర్ల గీజర్ వేడెక్కడానికి దాదాపు పావుగంట పడుతుంది. ఆలోపు ఆ నాలుగూ వరసగా రెండు రౌండ్లు అయిపోతాయి, వీలుంటే మూడోది.

మూడు నిమిషాలు నడుము, భుజాలు తిప్పి, పది స్క్వాట్స్ తీసి మొదలుపెట్టండి. మొదటిది, ఒక కాలు మంచం మీద పెట్టి ఒంటికాలి స్క్వాట్. మంచాన్ని ముందే గోడకు ఆనించండి, నున్నటి టైల్స్ మీద అది వెనక్కి జారుతుంది. మంచానికి వీపు పెట్టి, ఒక పెద్ద అంగ దూరంలో నిలబడి, వెనక పాదం పైభాగాన్ని పరుపు అంచున ఆనించండి. మూడు లెక్కపెట్టేదాకా నెమ్మదిగా దిగి, మామూలుగా లేవండి. కాలికి ఎనిమిది నుంచి పది. ముందు పాదం మంచానికి మరీ దగ్గరైతే మడమ లేస్తుంది, బరువంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. మోకాలు నొప్పి అని వదిలేసేవాళ్లలో చాలామంది తప్పు ఆ జానెడు దూరంలోనే ఉంటుంది.

రెండోది పుషప్స్, ఎనిమిది నుంచి పదిహేను. మోచేతులు పక్కలకు బార్లా చాపకుండా ఒంటికి కాస్త దగ్గరగా ఉంచండి, మీ భుజానికి ఇది ముఖ్యం. తేలికైతే పాదాలు మంచం మీద పెట్టండి, కానీ భుజం పూర్తిగా తగ్గాకే. నడుము కిందికి వేలాడుతోందంటే ఆ సెట్ అయిపోయినట్టే.

మూడోది, బరువును మన వైపుకి లాగే వ్యాయామం. గదుల్లో అందరూ వదిలేసేది ఇదే. బ్యాగులో లీటరు నీళ్ల సీసాలు ఎనిమిది సర్దితే ఎనిమిది కిలోలు. ముందుకు వంగి ఒక చేయి మంచానికి ఆనించి, వీపు తిన్నగా ఉంచి, రెండో చేత్తో బ్యాగును నడుము వైపుకి లాగండి, చేతికి పన్నెండు. పది కిలోలు దాటించొద్దు, పట్టీల కుట్లు తెగుతాయి. రబ్బరు బ్యాండ్ ఉంటే ఇంకా మేలు, చొక్కా మడతంత చోటు చాలు. దాని చివర ముడి వేసి, ముడి అవతల ఉండేలా తలుపు మూసి లాగాలి. ఇక్కడ జాగ్రత్త: తలుపు మీ వైపు తెరుచుకునేదైతే ఊడి వచ్చి ముఖానికి కొడుతుంది. బాత్రూమ్ తలుపు సాధారణంగా లోపలికి తెరుచుకుంటుంది కాబట్టి గదిలో నిలబడి లాగితే చట్రానికే బిగుసుకుంటుంది. బ్యాండును కీలున్న వైపే ఇరికించి, గడియ కూడా వేయండి. ప్లాస్టిక్ తలుపైతే ఆశ వదులుకుని బ్యాగుతోనే చేయండి.

చివరిది, వెల్లకిలా పడుకుని ఒక పాదం నేల మీద ఉంచి పిరుదులు పైకెత్తడం, కాలికి పన్నెండు. అంతే.

శనివారం జిమ్‌లో ఆ రోజు చేయాల్సింది మాత్రమే చేయండి. భుజం నొప్పి రెండు వారాల్లో తగ్గకపోయినా, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోయినా ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

ప్రశ్న: మల్కాజ్‌గిరి నుంచి రాస్తున్నాను. బరువు 60 కిలోలు. ఆఫీసు పని మీద నెలకోసారి సికింద్రాబాద్ నుంచి విశాఖకు రైల్లో వెళ్లి నాలుగు రోజులు ఉంటాను. కష్టపడి ఆరు కిలోలు తగ్గాను. ప్రతి ట్రిప్పుకీ కిలోన్నర పెరిగి వస్తుంటే నీరసం వచ్చేస్తోంది.

జవాబు: ఆ కిలోన్నర కొవ్వు కాదండీ. కిలో కొవ్వు చేరాలంటే అవసరానికి మించి దాదాపు 7,700 కేలరీలు తినాలి. నాలుగు రోజుల్లో అంత మామూలుగా ఎవరూ తినరు. హోటల్ సాంబారు, పచ్చళ్లలోని ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం ఎక్కువైతే కండరాల్లో పిండిపదార్థం నిల్వ పెరుగుతుంది, దాని ప్రతి గ్రాముతో పాటు మూడు గ్రాముల నీరు చేరుతుంది. దిగిన మర్నాడు తూకం ఎక్కకండి, నాలుగో రోజు పరగడుపున చూసుకోండి.

మిగిలి ఉండే కొద్దిపాటి పెరుగుదలను తిండితోనే ఆపవచ్చు. మన జాతీయ పోషకాహార సంస్థ, తార్నాకలోనిదే, పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చెబుతోంది. అంటే మీకు 50 గ్రాములు. బరువు తగ్గుతూ కండరం కాపాడుకోవాలంటే 70 దాకా మంచిది. హోటల్ తిండిలో సరిగ్గా ఇదే తగ్గుతుంది, ఆకలి తీరక రాత్రి పదింటికి బిస్కెట్ ప్యాకెట్ విప్పుతారు. ఇడ్లీ ఒక్కటి రెండు గ్రాములకు మించి ఇవ్వదు. పెసరట్టు నయం, యాభై గ్రాముల పెసలు పడితే పన్నెండు గ్రాములు. లోపల ఉప్మా వద్దనండి, ‘నూనె తక్కువ’ అని పెనం మీద పిండి వేయకముందే చెప్పండి. చెంచా నూనెకి 45 కేలరీలు, అట్టు చుట్టూ పోసేది చెంచాతో ఆగదు. దాంతో రెండు ఉడికిన గుడ్లు, మరో పన్నెండు గ్రాములు.

మధ్యాహ్నం భోజనంలో అన్నం ఒకసారే పెట్టించుకుని, పప్పూ కూరా రెండోసారి అడగండి. సాయంత్రానికి ఇంటి నుంచే యాభై గ్రాముల వేయించిన శనగలు పొట్లం కట్టుకెళ్లండి, పది గ్రాములు. రాత్రికి రోటీతో చికెన్ గానీ పనీర్ గానీ వంద గ్రాములు, చివర కప్పు పెరుగు. డెబ్బై అందుకోవడం కష్టం కాదు. పల్లీలు మంచివే కానీ వంద గ్రాములకు 560 కేలరీలు దాటతాయి, కిటికీ పక్కన కూర్చుని తింటే లెక్క తెలియదు. గుప్పెడు తీసి మిగతావి బ్యాగులో పెట్టేయండి.

ప్రశ్న: ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో 21 కిలోమీటర్లు పరిగెత్తాలని శిక్షణలో ఉన్నాను. మధ్యలో రెండు వారాలు బెంగళూరు. అంతా పోతుందా? (గచ్చిబౌలి)

జవాబు: బలంతో పోలిస్తే దమ్ము త్వరగా తగ్గుతుంది, పది పన్నెండు రోజులకే తేడా తెలుస్తుంది. అందుకే వారానికి ఒక్క గట్టి పరుగు వదలొద్దు: పది నిమిషాలు నెమ్మదిగా, తర్వాత మాట్లాడలేనంత వేగంతో మూడేసి నిమిషాలు ఐదుసార్లు, మధ్య రెండేసి నిమిషాల నడక. హోటల్ ట్రెడ్‌మిల్ అయినా ఫర్వాలేదు, ఎత్తు 1 శాతం పెట్టండి. ఇంకో రోజు అరగంట తేలిక పరుగు. దూరం పరుగు తిరిగొచ్చిన వారం చేయవచ్చు, కానీ వెళ్లేముందు చేసిన దూరం దాటొద్దు. కేబీఆర్ పార్కు ఎత్తుపల్లాల్లో మొదటి రోజే వేగం పరీక్షించుకుంటే పిక్కలు పట్టేస్తాయి.

ప్రశ్న: రాత్రి స్లీపర్ బస్సు దిగి నేరుగా జిమ్‌కి వెళ్లొచ్చా? (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: ఐదు గంటలు కూడా నిద్ర పట్టకపోతే బరువులు ఎత్తొద్దు, ముఖ్యంగా నేల మీది బరువును పైకెత్తే డెడ్‌లిఫ్ట్. అరగంట నడిచి, తిని, మధ్యాహ్నం అరగంట పడుకుని సాయంత్రం వెళ్లండి. బస్సులో మెలకువ వచ్చినప్పుడల్లా పాదాలు ముందుకీ వెనక్కీ ఇరవైసార్లు ఆడించండి. నాలుగు గంటలు మించి కదలకుండా ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. దిగాక ఒక్క పిక్కే వాచి నొప్పి పెడితే నడకతో సర్దుకుంటుందని చూడకుండా ఆ రోజే డాక్టర్ని కలవండి.