టెక్ సందేహాలు: నాన్న వాయిస్ మెసేజ్‌లు పోకుండా ఎలా దాచుకోవాలి?

ఈ వారం ఎక్కువ చోటు ఒక్క ఉత్తరానికే ఇస్తున్నాను. ఎల్బీనగర్ నుంచి ఒక అమ్మాయి రాసింది. వాళ్ల నాన్న చనిపోయి రెండు నెలలైంది. వాట్సాప్‌లో ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లు ఆమె ఫోన్‌లో ఉన్నాయి. ఎక్కువగా నాలుగైదు సెకన్లవే, "బువ్వ తిన్నవా బిడ్డా", "ఇంటికి జేరినవా" లాంటివి. ఆఫీసుకు మెట్రోలో అమీర్‌పేట వచ్చేలోపు రోజూ రెండు మూడు వింటుందట. ఫోన్ మార్చాలి, అవి పోతాయేమోనని టెన్షన్. నాన్న నంబర్‌కి రీఛార్జ్ ఆపేస్తే ఏమవుతుందని కూడా అడిగింది.

అమ్మా, ముందు ఒక మాట. ఫోన్ మార్చే ముందే అడిగి మంచి పని చేశారు. మా నాయనమ్మ గొంతు నా పాత ఫోన్‌లో ఉండేది, రిపేర్‌కి ఇస్తే మొత్తం తుడిచేసి ఇచ్చారు, బ్యాకప్ పెట్టుకోలేదు, ఇక ఎక్కడా దొరకలేదు. చేరిపోయిన మెసేజ్‌లను వాట్సాప్ తన సర్వర్లలో దాచిపెట్టదు కాబట్టి ఉన్నవన్నీ మీ ఫోన్‌లోనే ఉన్నాయనుకోండి. స్టార్ పెట్టుకున్నాను కదా, పోవులే అనుకోవద్దు, స్టార్ వెతుక్కోవడానికి గుర్తు మాత్రమే.

మీది ఆండ్రాయిడ్ అని రాశారు. ఫైల్ మేనేజర్ తెరిచి ఆండ్రాయిడ్, మీడియా, కామ్.వాట్సాప్, వాట్సాప్, మళ్లీ మీడియా, ఇలా లోపలికి వెళితే వాట్సాప్ వాయిస్ నోట్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో వారానికొక చిన్న ఫోల్డర్, వాటిలో పీటీటీ అని మొదలయ్యే ఫైళ్లు. ఆ పేరులోనే తేదీ ఉంటుంది, 20240612 అంటే 2024 జూన్ 12న వచ్చిందన్నమాట. ఎవరు పంపారో మాత్రం పేరులో ఉండదు, అందుకని ఆ ఫోల్డర్ మొత్తాన్ని కంప్యూటర్‌లోకి, ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, తర్వాత తీరిగ్గా నాన్నవి వేరు చేసుకోండి. అవి ఓపస్ అనే రకం ఆడియో ఫైళ్లు, కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో వినిపిస్తాయి. ఇంకో దారి, నాన్న చాట్ తెరిచి మూడు చుక్కల మెనూలో 'మోర్', అందులో 'ఎక్స్‌పోర్ట్ చాట్' నొక్కి మీడియాతో సహా మీ మెయిల్‌కో గూగుల్ డ్రైవ్‌కో పంపుకోవచ్చు. చాట్ చాలా పెద్దదైతే పాతవి కొన్ని రాకపోవచ్చు కాబట్టి నేనైతే ఫోల్డర్ కాపీనే నమ్ముతాను. రెండు చోట్ల పెట్టండి, తమ్ముడి దగ్గర ఒకటి.

కొత్త ఫోన్‌లోకి చాట్ రావాలంటే వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్ బ్యాకప్ నొక్కి పూర్తయ్యేదాకా ఆగండి. ఇప్పుడది మీ గూగుల్ ఖాతాలోని 15 జీబీ ఉచిత చోటులోంచే పోతుంది, నిండిపోయి ఉంటే ముందు ఖాళీ చేయాలి. కొత్త ఫోన్‌లో నాన్నవి నాలుగు విని చూసుకున్నాకే పాతదాన్ని రీసెట్ చేయండి, అప్పటిదాకా ఎవరికీ ఇవ్వొద్దు.

ఇక నంబర్ సంగతి. రీఛార్జ్ ఆపేస్తే కొన్నాళ్లకు ఆ నంబర్ ఇంకొకరికి వెళ్తుంది. వాళ్లు వాట్సాప్ పెట్టుకుంటే 'నాన్న' అనే పేరు పక్కన ఎవరిదో ఫొటో కనిపిస్తుంది. ఇది ముందే తెలిసి ఉండటం మంచిది, ఉన్నట్టుండి చూస్తే తట్టుకోవడం కష్టం. 120 రోజులు వాడని ఖాతాను వాట్సాప్ మామూలుగా తీసేస్తుంది కూడా, కాబట్టి ఆయన డీపీ ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసుకోండి. మీ ఫోన్‌లో ఉన్న చాట్ మాత్రం ఎక్కడికీ పోదు. బ్యాంకు, గ్యాస్ ఓటీపీలు ఆ నంబర్‌కే వస్తుంటే అవి మార్చేదాకా అమ్మ ఫోన్‌లో ఆ సిమ్ నడవనివ్వండి.

మియాపూర్ నుంచి ఇంకొకరు: "మా ఆయనది గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్. ఒంటిగంటకు ఆన్‌లైన్ చూపిస్తుంది, నాకు రిప్లై ఉండదు. ఆయన చాట్‌లు చూసే యాప్ ఏదైనా చెప్పండి."

చెప్పను. అలాంటి యాప్‌లు ఆయన ఫోన్‌తో పాటు మీ ఇంటి ఫొటోలు, ఓటీపీలు కూడా ముక్కూమొహం తెలియని వాళ్లకు చేరవేయగలవు. అనుమతి లేకుండా ఇంకొకరి ఫోన్‌లోని సమాచారం తీస్తే 2000 నాటి ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కిందికి రావచ్చు, భార్యాభర్తలకు మినహాయింపేమీ లేదు. ఆన్‌లైన్ అంటే యాప్ తెరిచి ఉందని మాత్రమే, ఎవరితో మాట్లాడుతున్నారో అది చెప్పదు. టీమ్ గ్రూప్ చూస్తున్నా, కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ ముందు కూర్చున్నా అలాగే కనిపించవచ్చు. ఒంటిగంట దాకా మేలుకుని ఆ పచ్చ అక్షరాలో తెల్ల అక్షరాలో చూస్తూ కూర్చోవడం మీ ఆరోగ్యానికే చేటు. షిఫ్ట్‌లో బ్రేక్ ఎన్నింటికో రేపు టిఫిన్ దగ్గర అడగండి, ఆ టైమ్‌కి ఫోన్ చేయండి.